ముఠా

మార్కెట్ యార్డులో "ముఠా వచ్చిందా?" అని అడిగితే ఎవరూ ఉలిక్కిపడరు. బస్తాలు ఎత్తి దించే కూలీల జట్టు అది. వాళ్ల పెద్ద ముఠామేస్త్రి. కూలి డబ్బు పుచ్చుకుని అందరికీ పంచేది అతనే. 1993లో చిరంజీవి ఆ పేరుతో సినిమా కూడా చేశాడు. అదే మాట పేపర్లో కనిపించిందా, ముందు 'దొంగల' అనో వెనక 'గుట్టురట్టు' అనో ఉండితీరుతుంది.

ఒడియాలో ముఠా అంటే పిడికిలి, పిడికెడు. సంస్కృత ముష్టి ప్రాకృతంలో ముట్ఠి అయి, ఉత్తరాది భాషల్లోకి అలా జారింది. తెలుగుకు సొంత పిడికిలి ఉంది కాబట్టి, అరువు తెచ్చుకున్న మాటను చేతికి కాక మనుషులకు తొడిగింది. అసలు ముష్టినైతే బిచ్చానికి వాడేసుకున్నాం!

కొండ మీద ఈ మాటది వేరే బతుకు. 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో కలిసేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లా. ఆ కాలపు దఫ్తరాల్లో ముఠా అంటే కొన్ని కొండపల్లెల కూటమి. గంజాం మన్యంలో కోందు గిరిజనుల ముఠాలుండేవి. విశాఖ, గోదావరి ఏజెన్సీల్లో ముఠాదారులు పల్లెల్లో వసూలు చేసి పైకి కట్టుబడి అనే శిస్తు చెల్లించేవారు. కూటమి కట్టినవాళ్లు కలిసి దాచగలరు కూడా. గంజాంలోని ఘుమ్సర రాజు ధనంజయ భంజ 1835లో కుంఫిణీకి బాకీపడి కొండలెక్కాడు. ఆయన పోయాక ఆ కుటుంబాన్ని కోందులే కాచారు. వాళ్ల నాయకుడు దొర బిస్సోయి 1837 దాకా కుంఫిణీ సేనలకు చిక్కలేదు. 1839 చట్టం ఆ కొండల్ని మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి కలెక్టరుకే ఏజెంటు హోదా ఇచ్చింది. 'ఏజెన్సీ' అన్న మాట అలా వచ్చిందే. ఆంధ్రలో ముఠాదారీ రద్దుకు 1969 రెగ్యులేషన్ రావలసివచ్చింది. అందాకా కొండల్లో ముఠా సర్కారు గుర్తించిన గౌరవమైన మాటే. కింద మైదానంలో దానికి మచ్చపడడం ఎప్పుడు మొదలైనా, ఆ మచ్చ కొండవాళ్లు పెట్టింది మాత్రం కాదు.

ఆ గంజాం–కంధమాల్ సరిహద్దు అడవిలోనే 2012 మార్చి 14న మావోయిస్టులు ఇద్దరు ఇటలీవాళ్లను ఎత్తుకుపోయారు. చేసింది సవ్యసాచి పండా నడిపే ఒడిశా కమిటీ. పదిరోజులకు కోరాపుట్ జిల్లాలో లక్ష్మీపూర్ ఎమ్మెల్యే ఝిన హికాకను ఎత్తుకుపోయింది అదే పార్టీ ఆంధ్ర–ఒడిశా సరిహద్దు కమిటీ. పార్టీ ఒకటే, బేరాలు రెండు. ఆ ఏడాదే పండా అగ్రనాయకులకు రాసిన ఉత్తరం బయటికొచ్చింది. అందులోని ఫిర్యాదుల్లో ఒకటి మనకు కాస్త గుచ్చుకునేది: తెలుగు నాయకుల పెత్తనం. ఆగస్టులో పార్టీ అతణ్ణి ద్రోహి అని వెళ్లగొట్టింది.

ఇలాంటిదానికి తెలుగు దినపత్రికల మాట వర్గపోరు. మార్క్సిస్టుల మాట వర్గపోరాటం. మొదటిది తిట్టు, రెండోది సిద్ధాంతం. మధ్యన ఒక్క ప్రత్యయమే అడ్డు. అందుకే కాబోలు, వామపక్షాల తెలుగు మొదటిదానికి ముఠాతత్వమని వేరే పేరు వెతుక్కుంది. ముఠాతత్వం ఎప్పుడూ అవతలివాడిదే. మనది పార్టీ, మహా అయితే పంథా, విడిపోయినవాడిది ముఠా. విడిపోయినవాడు అదే మాటను తిప్పికొడతాడు.

పండా కూడా తనదాన్ని ముఠా అనుకోలేదు. ముందు ఒడిశా మావోబాదీ పార్టీ అన్నాడు. 2014లో దాన్నీ మార్చి సి.పి.ఐ. (ఎం.ఎల్.ఎం.) అని మరిన్ని అక్షరాలు చేర్చాడు. మనుషులు విడిపోతున్నకొద్దీ పేరులో అక్షరాలు పెరగడం ఈ దేశపు కమ్యూనిస్టు చీలికల పాత అలవాటే. ఆ జులైలో పోలీసులు అతణ్ణి పట్టుకున్నది అడవిలో కాదు, బరంపురం బడాబజార్‌లో.