ఒర తిన్న వాదర

బ్రిటిష్ సైన్యంలోని తేలికపాటి అశ్వికదళానికి, అంటే గస్తీ తిరగడానికి, వేగు తేవడానికి, పారిపోయే శత్రువును తరమడానికి నియోగించే చురుకైన రౌతులకు, 1796లో నిర్ణయించిన వంపు ఖడ్గం వెనుక ఫ్రాన్స్‌తో జరిగిన ఫ్లాండర్స్ యుద్ధపు చేదు అనుభవం ఉంది. ఆ పోరులో పాల్గొన్న జాన్ గాస్పర్డ్ లె మార్చంట్ అనే అధికారి, తమవారి కత్తులు మితిమీరిన పొడవు వల్ల, చేతికి కుదరని బరువు వల్ల వారి గుర్రాలకే గాయాలు చేయడం గమనించి, బర్మింగ్‌హామ్ కత్తుల తయారీదారు హెన్రీ ఆస్బోర్న్ తోడ్పాటుతో ఈ నమూనాను రూపొందించాడు. సుమారు 33 అంగుళాల అలుగు మొన దగ్గర సన్నబడకుండా వెడల్పవుతుంది గనుక వేటు బరువంతా అక్కడికే చేరుతుంది. అలుగు పక్కల తీర్చిన వెడల్పైన గాడి బిగువు చెడకుండా బరువు తగ్గిస్తుంది. ప్రష్యా 1811లో దాదాపు ఇదే రూపాన్ని స్వీకరించింది. లె మార్చంట్ మాత్రం 1812లో స్పెయిన్‌లోని సలమాంకా వద్ద, తిన్నని కత్తి పట్టే భారీ అశ్వికదళాన్ని నడిపిస్తూ మరణించడం విచిత్రం.

ఇంత ఆలోచించి చేసిన కత్తికి ఇనుప ఒర ఇవ్వడం పెద్ద లోపం; దూసిన ప్రతిసారీ, గుర్రం కదిలిన ప్రతిసారీ వాదర ఆ ఇనుముకు రాసుకుని మొద్దుబారేది. 19వ శతాబ్ది మధ్యకాలంలో బ్రిటిష్ అశ్వికదళ అధికారి కెప్టెన్ లూయీ నోలన్, హైదరాబాద్ నిజాం రౌతులు కత్తివేటుతో చేతులు, తలలు తెగనరికిన తీరు విని ఆ ఆయుధాలేమిటని విచారించగా, అవి చాలావరకు బ్రిటిష్ సైన్యం తీసిపారేసిన పాత అలుగులేనని తేలింది. వాటికి దేశీయ పిడులు బిగించి, మంగలికత్తిలా పదును పెట్టి, చెక్క ఒరల్లో ఉంచి, పోరాటంలో తప్ప దూయకపోవడమే రహస్యం.

నేడు దొరికే ఈ కత్తులలో తోలు ఊడి చెక్క బయటపడిన పిడి, గుంటలు పడిన మొన సాధారణం. అవి వయసు గుర్తులే తప్ప దోషాలు కావు. అసలు నష్టం గరుకు కాగితంతో మెరుగుపెట్టినప్పుడు జరుగుతుంది, ఎందుకంటే అలుగు వెన్ను మీది తయారీదారు పేరు, పిడి దగ్గర పరీక్షాధికారి కొట్టిన కిరీటం ముద్ర తుప్పుతో పాటే చెరిగిపోతాయి. దేశీయ పిడి ఉన్నంత మాత్రాన అటువంటి కత్తిని చెడగొట్టినదిగా లెక్కించడం కూడా న్యాయం కాదు, ఆ పిడి సైతం ఆ అలుగు చేసిన కొలువుకు సాక్ష్యమే కనుక.