డేగ కళ్లంట మనయి!

కొండాపురం పక్క ఏ ఆటల పోటీకి పోయినా మన యానాది, ఎరుకల పిల్లల్ని చూసి ఒక మాట అంటారు: "వీళ్లకు పుట్టుకతోనే డేగ కళ్లు, నేర్పే పనే లేదు." పొగడ్తే గదా అని మనమూ నవ్వేసి ఊరుకుంటాం. ఈ మాటకు నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది మిత్రులారా.

1898లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆస్ట్రేలియాకు, న్యూగినీకి నడుమనున్న టోరెస్ జలసంధి దీవులకు పోయారు. అడవి మనుషుల చూపు తెల్లవాళ్ల చూపు కంటే ఎంతో పదునని అప్పట్లో యూరప్ నమ్మకం. బుద్ధి తక్కువ గనకనే ఇంద్రియాలు ఎక్కువ అనేది దాని వెనకున్న లెక్క. రివర్స్ అనే డాక్టరు ఇంగ్లీషు 'ఇ' అక్షరాన్ని అటూ ఇటూ తిప్పి చూపించి పరీక్ష చేశాడు. చదువు రాకపోయినా దాని కాళ్లు ఏ పక్కకున్నాయో చెబితే చాలు. తేలిందేమంటే, వాళ్ల చూపు కొద్దిగా మెరుగు, అంతే. మరి దూరాన పడవను ముందే ఎట్లా పసిగడతారు? ఎక్కడ ఏం చూడాలో తెలిసిన అలవాటు వల్ల అన్నాడాయన. 1901-02లో నీలగిరి తోడాల మీద కూడా ఇట్లాంటి పరీక్షలే చేశాడు. అయితే ఆయనా పూర్తిగా బయటపడలేదు. అంత వివరంగా చూసే అలవాటే పెద్ద ఆలోచనలకు అడ్డమని రాసేశాడు!

మన తాతలు పొలంగట్టు మీద కొత్తమన్ను చూసి ఏ బొక్కలో ఎలుకుందో చెప్పేవాళ్లు. అది నాయన వెనక ఏళ్ల తరబడి తిరిగి నేర్చుకున్న చదువు. సర్కారు మాత్రం మన జాతుల్ని అనుమానంగానే చూసింది. నేరస్త జాతుల చట్టం కింద కావలిలోనే ఎరుకలోళ్లను సెటిల్మెంటులో పెట్టారు. ఆ చట్టం 1952లో గానీ పోలేదు.

ఆటల్లోనూ ఇదే కథ. 1921లో బేస్‌బాల్ ఆటగాడు బేబ్ రూత్ కళ్లను కొలంబియా విశ్వవిద్యాలయంలో పరీక్షించి, సగటు మనిషికంటే చురుకని పత్రికల్లో వేశారు. రహస్యం కంటిలోనే ఉందనుకున్నారు జనం. 1996లో జోన్ వికర్స్ బాస్కెట్‌బాల్ ఆటగాళ్ల చూపును కొలిచింది. గురి తప్పనోళ్లు బంతి వదిలే ముందు రింగు మీద చూపు ఎక్కువసేపు నిలుపుతున్నారు. అది నేర్పితే వచ్చేది. 2001లో అబెర్నెతీ, వుడ్ ఇంకోటి తేల్చారు: ఆటతో సంబంధంలేని కంటి వ్యాయామాలు ఎన్ని చేసినా ఆట బాగుపడదు. ఆ పేరుతో డబ్బులు గుంజేవాళ్లుంటే జాగ్రత్త.

మన ఆదివాసీ విలుకాడు లింబా రామ్‌ను కూడా పుట్టు విలుకాడంటారు. రాజస్థాన్ పల్లెలో వెదురు విల్లుతో వేటాడే పిల్లోడు స్పోర్ట్స్ అథారిటీ కంటపడింది 1987లో. బీజింగ్‌లో 30 మీటర్లకు 360కి 358 కొట్టి ప్రపంచ రికార్డును సమం చేసింది 1992లో. నడుమ ఐదేళ్ల శిక్షణ ఉంది. ఆ ఐదేళ్లను ఎవురూ లెక్కలో వెయ్యరు.

నేను ఏడో తరగతిలో క్యాచ్‌లన్నీ వదిలేసేవాణ్ణి. బోర్డూ మసకే. చెబితే, "మీవోళ్లకు కళ్లజోడెందుకురా, బద్ధకం" అన్నారు. ఇంటర్‌లో ఎవరో ఉచిత శిబిరం పెడితే పరీక్ష చేయించుకున్నా. రెండు కళ్లకూ మైనస్ రెండున్నర. అద్దాలు పెట్టుకుని గ్రౌండుకి పోయిన రోజు, బంతి మీద కుట్టు కనపడింది.