పాడుబడ్డ పట్నం నుంచి కబురు

1600 ప్రాంతాల్లో మధుర నాయకుల కొలువులో పుట్టిన ‘రాయవాచకం’ ఒక విన్నపంలా నడుస్తుంది. విజయనగరంలో ఉన్న స్థానాపతి, అంటే రాయబారి, మధురలోని తన దొర విశ్వనాథ నాయనికి కృష్ణదేవరాయల సంగతులు నిన్న చూసినట్టుగా చెబుతాడు. తేదీలు సరిచూసుకున్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. రాయలు పోయింది 1529లో. విజయనగరం పాడుబడింది 1565లో. పుస్తకం రాసేనాటికి కబురు పంపే పట్నమూ లేదు, అందుకునే దొరా లేడు. అయినా ఆ రచయిత, తన పేరైనా చెప్పుకోకుండా, కబురు పంపాడు.

వచనంలోనే చరిత్రను కవిత్వం చేసిన రచనల్లో నాకు ఇదే ప్రాణం. కళింగ దండయాత్ర ఘట్టం చూడండి. కళింగ రాజు గజపతికి పదహారుగురు పాత్రలు, అంటే సామంతులు, అండగా ఉన్నారు. వాళ్లను గెలవడం కష్టమని రాయల మంత్రి అప్పాజీకి తెలుసు. వాళ్లు ముందే తమతో కుమ్మక్కైనట్టు జాబులు పుట్టించి, సొమ్ముల పెట్టెలతో పంపి, అవి గజపతి చేతికే చిక్కేలా చేశాడు. సొంత మనుషులే అమ్ముడుపోయారనుకున్న గజపతి యుద్ధం చేయకుండానే పారిపోయాడు. ఇదంతా కొలువులో మాట్లాడుకునే తెలుగులోనే సాగుతుంది.

ఏకామ్రనాథుని ‘ప్రతాపరుద్ర చరిత్రము’ కూడా ఈ తోవలోని వచనమే. 1323లో ఓరుగల్లు పడ్డాక, చెరపట్టి ఢిల్లీకి తీసుకుపోతుండగా కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు నర్మద ఒడ్డున మరణించాడని విలస తామ్రశాసనం చెబుతుంది. ఏకామ్రనాథుడు ఆ చావుకు ఒప్పుకోలేదు. నిద్రపోతున్న రాజులో శివుణ్ని, తన కొడుకులో విష్ణువును చూసిన సుల్తాను తల్లి చేత చెర విడిపించి, రాజును ఓరుగల్లుకు తిరిగి తెచ్చాడు. జరిగింది శాసనం చెప్పిందే. జనం తట్టుకోలేకపోయింది ఏమిటో మాత్రం ఈ వచనమే చెబుతుంది.

వచనానికి అంతకుముందే సింహాచలంలో కృష్ణమాచార్యుల భక్తి గొంతు ఉంది. తర్వాత ఈస్టిండియా కంపెనీ అధికారి మెకంజీ కోసం పోగైన కైఫీయతుల్లో ఊరూరి చరిత్రా వాడుకమాటల్లోనే పలికింది. 1853లో చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ వచ్చాక గ్రాంథికం బడికెక్కింది, ఆ గొంతు బడి బయట ఉండిపోయింది. మనం పోగొట్టుకున్నది చిన్నదేమీ కాదు. 1956లో కుందుర్తి ‘తెలంగాణ’ కావ్యంతో చరిత్ర మళ్లీ వచన కవితలోకి వచ్చింది.

‘రాయవాచకం’ అచ్చులోకి రావడానికి పూనుకున్నది గ్రాంథిక వాదుల పెద్ద జయంతి రామయ్య పంతులు. ఆ మేలు మరవకూడదు. మీ ఇంట్లో పిల్లలుంటే గజపతి ఘట్టం ఒక్కటైనా పైకి చదివి వినిపించండి.