నటుని నోటి మాట: బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారి చిత్రరచన

బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారి (1881–1953) పేరు వినగనే ‘సత్యహరిశ్చంద్రీయము’ స్ఫురించుట సహజము. మన విమర్శకులు తరచుగ వారిని నాటకకర్తగనే పరిగణించి, చలనచిత్రరచనను జీవనోపాధికై చేసిన పనిగ నొకటి రెండు వాక్యములలో ముగింతురు. ఈ విభజన సమంజసము కాదు. రంగస్థలమున నటులుగ వారు గడించిన యనుభవమే చిత్రరచనకు మూలధనమైనదని చెప్పుటకు ఆధారములు కలవు.

కవిగారు గుంటూరున నుపాధ్యాయులుగ పనిచేసిరి. తరువాత ‘ఫస్టు కంపెనీ’ యను నాటకసమాజమును స్థాపించి హరిశ్చంద్ర, ఉత్తరరాఘవ నాటకములను ప్రదర్శించిరి. హరిశ్చంద్రలో వారు స్వయముగ ధరించిన వేషము నక్షత్రకుడు. బాకీ వసూలునకై రాజును వెన్నంటి వేధించు ఈ పాత్రకు పద్యపఠనమొక్కటియే చాలదు. ఎదుటివాని మాట ముగియు క్షణము నెఱిగి మాఱుమాట విసరు నేర్పు కావలయును. సంభాషణమనగా నేమో కవిగారు కాగితముపై గాక రంగముపై నేర్చిరి.

నాటి నాటకము నటుల చేతిలో మాఱుచుండెడిది. కాటిసీనులో జాషువాగారి పద్యములు చేరి, నేటికిని ప్రేక్షకులకు ఆ నాటకమునందలి భాగములుగనే తోచుచుండుట యిందుకు ప్రబలనిదర్శనము. చలనచిత్రమున నట్టి స్వేచ్ఛ లేదు. ఒకసారి యంత్రమున ముద్రితమైన మాట మఱల మాఱదు. కావున రచయితయే నటుని ఊపిరిని ముందుగ నూహించి వ్రాయవలసియుండెను.

1934లో చిత్తజల్లు పుల్లయ్యగారి దర్శకత్వమున, కలకత్తాలోని ఈస్టిండియా ఫిలిం కంపెనీ నిర్మించిన ‘లవకుశ’కు కవిగారు రచన చేసిరి. ఉత్తరరాఘవమును ప్రదర్శించిన వారికి ఆ కథ కొత్త కాదు. అసలు పరీక్ష 1939లో వచ్చినది. ఆ యేడు వెలువడిన ‘వరవిక్రయము’ కట్నమును, ‘మళ్ళీపెళ్ళి’ వితంతువివాహమును విషయముగ గొన్నవి. కవిగారు రెండింటను నటించిరి. రెండవదానికి రచనయు చేసిరి. పురాణపాత్రకు పద్యము శరణ్యము. ఇంటి చావడిలో కుమార్తె పెండ్లినిగూర్చి వాదించు తండ్రికి వాడుకమాట కావలయును. హరిశ్చంద్రుని పద్యములు వ్రాసిన కవికి ఇది చిన్న మార్పు కాదు.

1940 నాటి ‘భూకైలాస్’ మఱియొక విధమైన పరీక్ష. ఇందలి ప్రధాననటులైన సుబ్బయ్యనాయుడు, ఆర్. నాగేంద్రరావు గారలు కన్నడరంగస్థలమునుండి వచ్చినవారు. వారు పలుకవలసిన తెలుగును కవిగారు సమకూర్చిరి. పరభాషానటుని నాలుకపై ఏ మాట నిలుచునో, ఏది తొట్రుపడునో గుర్తించుటకు వ్యాకరణజ్ఞానముకంటె నటుని చెవి యెక్కువ యుపకరించును. 1942లో జెమినీవారి ‘బాలనాగమ్మ’కు రచన చేయుటయే గాక వేషమును ధరించిరి. అనగా అఱువదేండ్ల వయస్సునను నటుడును రచయితయు వేఱు గాలేదు.

పరిశోధకులకు ఇచట నొక యిబ్బంది కలదు. హరిశ్చంద్ర నాటకము గ్రంథరూపమున నిలిచినది. చిత్రములకు మాత్రము సాధారణముగ పాటల పుస్తకములే అచ్చయినవి. అందు కథాసంగ్రహమును పాటలును ఉండునుగాని సంభాషణలుండవు. మిగిలియున్న చిత్రప్రతులనుండి ఆ సంభాషణలను వ్రాసికొని, నాటకపాఠముతో పోల్చి పరిశీలించుట తెలుగుశాఖల కర్తవ్యము. ప్రతి చెడిన పిమ్మట ఆ మాటలకు వేఱొక ఆధారముండదు. ఒక కవి రచనలో సగము మనకు పేరుగ మాత్రమే మిగులును.