ఇషాపూరు తుపాకి

పాత సైనిక తుపాకి చేతికి వచ్చినపుడు గొట్టములోనికి తొంగిచూడవలెనని తొందర పుట్టును. ముందుగా బోల్టును వెనుకకు లాగి, లోపల తూటా లేదని కంటితోను వ్రేలితోను నిశ్చయించుకొనవలెను. చరిత్ర ఆ పిమ్మటనే.

బెంగాలులోని ఇషాపూరు కర్మాగారములో తయారైన లీ-ఎన్‌ఫీల్డు తుపాకినే తీసికొందము. 1907లో ఆమోదము పొందిన మూడవ మార్కు రకమిది. పది తూటాలు పట్టును. బరువు దాదాపు 4 కిలోలు. వెనుకనున్న కఱ్ఱ ఇనుముతో కలియుచోట కిరీటము, దాని క్రింద జి.ఆర్.ఐ. అను అక్షరములు, ఊరిపేరు, సంవత్సరము అద్దబడి యుండును. ఇంగ్లండులో చేసినవానిపై సాధారణముగా జి.ఆర్. మాత్రమే యుండును. జార్జి అచ్చట రాజు, ఇచ్చట చక్రవర్తి. ఆ తేడా ఒక్క అక్షరములో నున్నది. 1947 తరువాత కొంతకాలమునకు కిరీటముండిన చోట అశోకుని సింహములు వచ్చినవి.

బోల్టుపై సంఖ్యయు, తుపాకి శరీరముపై సంఖ్యయు ఒకటేనా యని చూడవలెను. వేరైనచో ఎక్కడనో మరమ్మతు జరిగినదన్నమాట. ఇక గొట్టమును వెలుతురునకు పట్టి చూచినచో ఎడమకు మెలితిరిగిన ఐదు గాడులు కనబడవలెను. నాటి తూటాల మందు ప్రేల్చినపుడు గొట్టములో ఉప్పు మిగులును. కాగిన నీటితో కడిగి నూనె రాయని సిపాయి నిర్లక్ష్యము ఎన్నేండ్లకైనను తుప్పు గుంటలుగా కనబడును.

కొన్నింటిలో ఒక్క గాడియు కనబడదు. అది అరుగుదల కాదు. పోలీసులకును కాపలావారికిని ఇచ్చుటకై ఇషాపూరులోనే గొట్టమును .410 అంగుళముల కొలతకు నునుపుగా తొలిచి, తూటాల పెట్టెలో కఱ్ఱదిమ్మ బిగించిరి. ఒక్కొక్క తూటా చేతితో పెట్టి కాల్చవలసినదే. ఆ తూటా సైన్యపు తుపాకిలో పట్టదు. జనసమ్మర్దములో దూరము పోవు గుండు ప్రమాదకరము గనుక ఇట్లు చేసిరని సమాధానము చెప్పవచ్చును. అట్లయిన పది తూటాల చోటును పూడ్చుట యెందులకు?

ఈ అనుమానము పాతది. 1857 తిరుగుబాటు ముగియగానే, దేశీయ సిపాయిలకొరకు 1858 నమూనాగా గాడులు లేని ఎన్‌ఫీల్డులను ప్రత్యేకముగా చేయించిరి. గాడులున్న తుపాకి దూరమునకు గురి తప్పక కాల్చును. అది తెల్లవారి పటాలములకు మిగిలినది. అదే బుద్ధి మన ఇషాపూరు తుపాకి కడుపులో కఱ్ఱదిమ్మయై కూర్చున్నది.

కొందరు అందమునకై గరుకుకాగితముతో ఇనుము మెరుగుపెట్టి, ఆ దిమ్మను ఊడదీసి పారవేయుదురు. అటువంటి తుపాకి ఎవరిచేతిలో నుండెనో, ఎవరినిచూచి దొరతనము భయపడెనో, ఇక మనము చెప్పలేము.