సీటు కింది చీకటి

కారు లోపల శుభ్రం చేయడం పెద్ద కష్టమేమీ కాదు, కనిపిస్తే. కనిపించకపోవడమే అసలు తంటా. పైన డోమ్ లైటు ఒకటి ఉంటుంది, పాత కార్లలో అయితే ఐదో పదో వాట్ల చిన్న బల్బు. మనం వంగగానే మన తలా భుజాలూ దానికి అడ్డం వస్తాయి. ఎక్కడ చూడాలనుకున్నామో సరిగ్గా అక్కడే మన నీడ పడుతుంది. పైగా లోపలంతా నలుపు, లేదంటే ముదురు బూడిద రంగు. వేసిన వెలుతురులో ఎక్కువ భాగం మింగేసి, కాస్తే తిరిగి ఇచ్చే రంగులు. ఆ లైటు పెట్టింది మనుషులు ఎక్కి దిగడానికి, సీటు పట్టాల మధ్య ఇరుక్కున్న వేరుశనగ పొట్టు తీయడానికి కాదు.

కాబట్టి దీపం మనమే తెచ్చుకోవాలి. ఇరుకు చోట, రెండు చేతులకీ పని ఉన్న మనిషికి వెలుతురు ఎలా? ఈ ప్రశ్న కారు కంటే చాలా పాతది. దీన్ని ప్రాణాల మీదికి తెచ్చుకుని మరీ అడిగినవాళ్ళు బొగ్గుగని కార్మికులు.

1812 మే నెలలో ఇంగ్లండ్ ఈశాన్యాన ఫెల్లింగ్ గనిలో పేలుడు జరిగింది. 92 మంది పోయారు. గనిలో ఊరే మీథేన్‌కి మంట తగిలితే అంతే. 1815లో హంఫ్రీ డేవీ మంట చుట్టూ సన్నటి తీగ జల్లెడ చుట్టాడు. మంట వేడిని ఆ లోహం లాగేసుకుంటుంది, బయటి వాయువు అంటుకునేంత వేడి జల్లెడ దాటదు. డేవీ దీనికి పేటెంటు తీసుకోలేదు. తర్వాత రైలింజన్లతో పేరు తెచ్చుకున్న జార్జ్ స్టీఫెన్‌సన్ కూడా అదే సమయంలో ఇలాంటి దీపమే చేశాడు. ఎవరు ముందు అన్న గొడవ చాలాకాలం నడిచింది. నాకు ఆ గొడవ కంటే తర్వాతి కథే ముఖ్యం అనిపిస్తుంది. రక్షణ దీపం వచ్చింది కదా అని, అంతకుముందు ప్రమాదమని వదిలేసిన చోట్లలోకి, ఇంకా లోతుకి మనుషుల్ని దింపారు. పేలుళ్ళు ఆగలేదు. పైగా ఆ జల్లెడ వేడితో పాటు వెలుతురునీ ఆపింది. ఆ మసకలో ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళలో చాలామందికి కనుగుడ్లు అదుపు లేకుండా ఊగే జబ్బు వచ్చింది. నిస్టాగ్మస్ అంటారు. అందుకు చాలని వెలుతురే కారణమని వైద్యులు చెప్పుకొచ్చారు. అంటే దీపం మంచిదా కాదా అని అడిగేముందు, ఎవరికి మంచిది అని కూడా అడగాలన్నమాట.

చేతుల సమస్య తీరింది ఇరవయ్యో శతాబ్దంలో. బ్యాటరీ నడుముకి, దీపం నెత్తికి. 1910ల్లో ఎడిసన్ బ్యాటరీతో క్యాప్ ల్యాంపులు అమెరికా గనుల్లోకి వచ్చాయి. 1889లో ఇల్లెందు దగ్గర బొగ్గు తవ్వడం మొదలైన మన సింగరేణిలో కూడా బాయిలోకి దిగే మనిషి ఆనవాలు అంటే నెత్తిన ఆ లైటే. ఎటు చూస్తే అటు వెలుతురు, చేతులు రెండూ ఖాళీ.

మరి కారుకీ అదే కట్టుకుంటే సరిపోదా? సగమే సరిపోతుంది. కంటి పక్కనుంచి వెళ్ళే వెలుతురులో నీడలు కనపడవు. నీడ లేకపోతే ఎత్తుపల్లాలు తెలియవు, అంటే సీటు గుడ్డలో ఇరుక్కున్న ఇసుకా, కుక్క వెంట్రుకలూ అన్నీ చదునైపోతాయి. మ్యూజియంలలో పాత చిత్రాల్ని పరీక్షించేటప్పుడు దీపాన్ని పక్కనుంచి, దాదాపు ఉపరితలానికి ఆనించి పెడతారు. అప్పుడు ప్రతి పగులూ నీడ వేస్తుంది. మన పెయింటర్లు లప్పం పెట్టాక బల్బుని గోడకి ఆనించి చూసేదీ ఇందుకే. మ్యూజియం దాకా పోనక్కర్లేదు.

ఇక టార్చి. 1899లో డేవిడ్ మిసెల్ పేరున అమెరికాలో పేటెంటు వచ్చింది. కాన్రాడ్ హ్యూబర్ట్ కంపెనీ దాన్ని అమ్మింది, అదే తర్వాత ఎవరెడీ అయింది. అప్పటి సెల్లులకి ఎక్కువసేపు వెలిగించే సత్తువ లేదు, ఒకసారి మెరిపించి ఆపాలి. అందుకే అక్కడ దాని పేరు ఫ్లాష్‌లైట్. మన ఊళ్ళలో మాత్రం బ్యాటరీ లైటు. ఖర్చు ఎక్కడుందో దాని పేరే పెట్టుకున్నాం! అయిపోయిన సెల్లుల్ని ఎండలో పెట్టి ఇంకో రెండు రోజులు లాగించిన ఇళ్ళే ఎక్కువ. (ఇక్కడ ఆ ఎవరెడీ సెల్లులు చేసింది యూనియన్ కార్బైడ్ ఇండియా. 1984 భోపాల్ అదే కంపెనీది.) టార్చి పుట్టింది దూరం కోసం, పొలం గట్టు మీద పాముని ముందే చూడ్డం కోసం. దాన్ని అడుగు దూరంలో సీటు మీద వేస్తే మధ్యలో తెల్లటి మచ్చ, చుట్టూ చీకటి. కళ్ళు ఆ మచ్చకి అలవాటుపడి మిగతాది చూడ్డం మానేస్తాయి.

మెకానిక్ షెడ్డులో తీగ పంజరంలో వేలాడే బల్బుకి ఈ ఇబ్బంది లేదు. వెలుతురు అన్ని వైపులా పరుచుకుంటుంది, రంగులు చక్కగా కనిపిస్తాయి. కానీ చెయ్యి కాలుతుంది. వేడి బల్బు పగిలి పక్కన పెట్రోలు ఆవిరి ఉంటే కథ మళ్ళీ ఫెల్లింగ్‌కే.

ఇప్పుడు మనం కొనేవన్నీ రెండు ఆవిష్కరణల పిల్లలు. ఒకటి 1991లో సోనీ బజారులోకి తెచ్చిన లిథియం అయాన్ బ్యాటరీ. రెండోది 1993లో జపాన్‌లో నిచియా కంపెనీ నుంచి షూజీ నకమురా తెచ్చిన ప్రకాశవంతమైన నీలం ఎల్ఈడీ. దీనికే అకసాకీ, అమానోలతో కలిపి 2014లో నోబెల్ ఇచ్చారు. నీలం మీద పసుపు ఫాస్ఫర్ పూస్తే తెలుపు వస్తుంది. అయితే అందులో ఎరుపు తక్కువ. వెలుతురులో రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే సీఆర్ఐ అనే అంకె ఒకటుంది. దాన్ని ఎనిమిది లేత రంగుల సగటుతో లెక్కేస్తారు. ముదురు ఎరుపు ఆ ఎనిమిదిలో లేదు, ఆర్9 అని విడిగా కొలవాలి. మా ఉద్యోగాల్లో దీన్ని రోజూ చూస్తాం, టెస్టులన్నీ పాస్, విరిగిన చోటికి టెస్టే లేదు. ఫలితం, కుంకుమ మరకా పాన్ మరకా ఆ వెలుతురులో మట్టి రంగుకి తిరిగి సీటులో కలిసిపోతాయి. శుభ్రమైందనుకుంటాం. పగలు ఎండలో తలుపు తీస్తే అక్కడే ఉంటాయి.

మా సెల్లార్లో తెల్లారక ముందే ఐదింటికి కార్లు తుడిచే కుర్రాడు ఫోన్ లైటు వేసి, ఫోన్‌ని పళ్ళ మధ్య పట్టుకుని సీట్ల కింద చూస్తాడు. నెలకి కారుకింత అని మాట్లాడుకున్న పని. బకెట్టు, గుడ్డ ఎవరివో ఆ బేరంలోనే తేలింది. లైటు మాట ఎవరూ ఎత్తలేదు. ఊరేగింపుల్లో పెట్రోమాక్స్‌ని నెత్తిన మోసినవాళ్ళకి కనీసం దీపం ఇచ్చేవారు.

అతని పనికి సరిపోయే లైటు ఎలా ఉండాలి? డబ్బా మీద వేల ల్యూమెన్లు అక్కర్లేదు. పరుచుకునే వెలుతురైతే ఆరడుగుల నుంచి అడుగు దూరానికి తెచ్చేసరికి ముప్పై ఆరు రెట్లు అవుతుంది. మరీ ఎక్కువైతే డ్యాష్‌బోర్డు మీంచి కళ్ళలోకే కొడుతుంది. సీఆర్ఐ 90 దాటాలి, ఆర్9 అంకె విడిగా రాసి ఉంటే ఇంకా నయం. రాయకపోతే అరచేతి మీద వేసి చూడండి, చర్మం పాలిపోయినట్టు కనిపిస్తే వద్దు. వెనక అయస్కాంతం ఉంటుంది గానీ కారు లోపల అంతా ప్లాస్టిక్కే, అది అంటుకునే చోట్లు తక్కువ. హెడ్‌రెస్ట్ కడ్డీలు మాత్రం ఇనుమే, పట్టుకుంటాయి. ఒక లైటు అక్కడ పెట్టి, రెండోది నేల మీద పక్కకి పడుకోబెట్టి, ముందు సీటు పూర్తిగా వెనక్కి జరిపి పట్టాల దగ్గర మొదలుపెడితే సరి.