భాజకం సున్నా అయిన చోట

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి టెక్కలికి ఇంజనీరింగ్ చదవడానికి వెళ్లే విద్యార్థికి మొదటి ఏడాదిలోనే రేఖీయ బీజగణితం ఎదురవుతుంది. ఇంటర్‌లో చేసిన నిర్ధారకాలు, క్రేమర్ పద్ధతి అక్కడ ర్యాంకు, ఐగెన్ విలువలు, కేలీ–హామిల్టన్ సిద్ధాంతం దాకా పెరుగుతాయి. ఇదంతా ఎక్కడో పుట్టి ఇంగ్లిషు పుస్తకాల్లో మన దాకా వచ్చిన చదువని చాలామంది అనుకుంటారు. అందులో సగమే నిజం. ఆ చదువు మొదలయ్యే చోటూ, ఇరవయ్యో శతాబ్దంలో అది చేరిన ఒక కొసా తెలుగువాళ్లకు దగ్గరివే. తెగిపోయింది నడుమ దారి.

మొదలు చూద్దాం. రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో, 850 ప్రాంతంలో, మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రాశాడు. దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు పావులూరి మల్లన. ఆయన పదకొండో శతాబ్దివాడని, రాజరాజనరేంద్రుని కాలంవాడని సాహిత్య చరిత్రకారుల్లో ఎక్కువమంది మాట. నన్నయ భారతం తెనిగిస్తున్న రోజుల్లోనే తెలుగు గణితం కూడా చెప్పిందన్నమాట. మన సాహిత్య పాఠాల్లో ఈ సంగతికి దక్కాల్సినంత చోటు దక్కలేదు. మహావీరుడి మూలంలో ఒక లెక్క ఉంది. 9 మాదీఫలాలు, 7 వెలగపండ్లు కలిపి ధర 107; 7 మాదీఫలాలు, 9 వెలగపండ్లు అయితే 101. ఒక్కోదాని ధరెంత? ఆయన సూత్రం ప్రకారం 107ను 9తో, 101ని 7తో గుణించి తీసివేస్తే 256. తొమ్మిది వర్గంలోంచి ఏడు వర్గం తీసేస్తే 32. భాగిస్తే మాదీఫలం ధర 8, దాన్నిబట్టి వెలగపండు ధర 5. ఆ 32 మరేదో కాదు, ఇంటర్ విద్యార్థి నిలువు గీతల మధ్య రాసే నిర్ధారకమే. క్రేమర్ తన సూత్రం అచ్చువేసింది 1750లో.

దీన్ని రేఖీయ బీజగణితం అనొచ్చా అని గణితం తెలిసినవాళ్లు అడుగుతారు. అడగాల్సిందే. మహావీరుడిది రెండు రాశులకు, అదీ సంఖ్యలు తారుమారైన సందర్భానికి చెప్పిన సూత్రం. అంతకన్నా ఎన్నో శతాబ్దాల ముందే చైనావాళ్లు ఇంకా ఎక్కువ రాశులను నిలువు వరసల్లో పేర్చి ఒక్కొక్కటే తొలగించేవాళ్లు. అసలు తేడా వేరే ఉంది. రెండో బేరం 18 మాదీఫలాలు, 14 వెలగపండ్లు అనుకోండి. 9ని 14తో, 7ను 18తో గుణిస్తే రెండూ 126; భాజకం సున్నా. ధర 214 అయితే మొదటి బేరమే రెట్టింపైంది, కొత్త సంగతేమీ తెలియలేదు, జవాబులు లెక్కలేనన్ని. 215 అంటే జవాబే లేదు. పాత సూత్రం ఇక్కడ ఆగిపోతుంది, కొత్త చదువు ఇక్కడే మొదలవుతుంది. ఏ సమీకరణం కొత్త సంగతి చెబుతోంది, ఏది చెప్పడం లేదు అన్న ప్రశ్నే ర్యాంకు. గ్రాస్‌మన్ 1844లో, కేలీ 1858లో, పియానో 1888లో ఈ ఆలోచనకు రూపం కడుతూ వచ్చారు. యూరప్‌కే అంతకాలం పట్టిన భావన మొదటి ఏడాది విద్యార్థికి కష్టంగా తోస్తే, తప్పు అతని ఊరిదీ కాదు, తెలివిదీ కాదు.

ఇక తెగిపోయిన నడుమ దారి సంగతి. ఉద్దానానికి ఈ చదువు అందకపోవడానికి దూరమే పెద్ద కారణం. ఉద్దానంలోని సుమ్మాదేవి మీదుగా రైలుదారి 1890లలో పడింది. కాలేజీ కావాలంటే మాత్రం దగ్గర్లో ఉన్నది పర్లాకిమిడి. 1936లో ఆ ఊరు ఒడిశాలో కలిసింది, టెక్కలి వైపు గ్రామాలు మద్రాసు రాష్ట్రంలో మిగిలాయి. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం వాల్తేరులో స్థిరపడింది. అక్కడే 1940లో గణితంలో ఎం.ఏ. పూర్తిచేసిన సి.ఆర్.రావు, తర్వాత కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉండగా, భాజకం సున్నా అయిన మాత్రికలకు కూడా పనికొచ్చే సాధారణీకృత విలోమాన్ని వృద్ధిచేశారు. సుజిత్ కుమార్ మిత్రాతో కలిసి దాని మీద 1971లో పుస్తకం తెచ్చారు. మూర్, పెన్‌రోజ్ వేరే దారుల్లో అంతకుముందే ఆ భావనను చేరారు. గణాంక శాస్త్రానికి దాన్ని పనిముట్టుగా మలచడంలో రావుగారిది పెద్ద చెయ్యి. ఇంత జరిగినా టెక్కలిలో ఇంజనీరింగ్ కాలేజీ 2001లో గానీ రాలేదు.

రావుగారు చదివిందీ రాసిందీ ఇంగ్లిషులోనే కదా, తెలుగు ఊసెందుకు అని ఇంకో అభ్యంతరం వస్తుంది. పైచదువుకు ఇంగ్లిషు వద్దని ఎవరూ అనరు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి వేసిన పుస్తకాల్లో సదిశాంతరాళం (వెక్టర్ స్పేస్) లాంటి మాటలు కూడా కొత్తవాళ్లకు ఇంగ్లిషంత బరువైనవే. అయితే పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పోరాడింది ఈ బరువు మీదే: చదువు జనం మాట్లాడే భాషలో సాగాలని. పరిభాష ఏదైనా పర్వాలేదు, వివరణ ఇంట్లో మాట్లాడే తెలుగులో దొరకాలి. మాత్రికను ఎచిలాన్ రూపానికి తేవడం పరీక్షకు ముందు ఎలాగూ వస్తుంది. తరగతిలో మొదటి గంటకు 18, 14 బేరం చాలు; ర్యాంకు నిర్వచనం రెండో గంటకు రావచ్చు.